కొండకు పెట్టిన పేర్లు

(హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో మాస్టారి సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరు ఈ వేదిక మీద నేను చెప్పను. ఇక్కడున్న మనందరికీ ఆయన మాస్టారే. ఎల్లారెడ్డిగూడ మలుపులో కూరలమ్మే ఆవిడకీ మాస్టారే, పంజగుట్టలో పాత పుస్తకాలు తెచ్చిచ్చే కుర్రాడికీ మాస్టారే. ఇవాళ నేను మాట్లాడబోయేది పేర్ల గురించే కాబట్టి ఈ సంగతి ముందుగా చెప్పుకుంటున్నాను.

ఆయన విశాఖపట్నం వన్‌టౌన్‌లో పుట్టి పెరిగి, ఉద్యోగం పూర్తయ్యాక ఇక్కడికి వచ్చి, మేడ మీద రెండు గదుల వాటాలో చివరిదాకా ఉన్నారు. సాయంత్రాలు బాల్కనీలో కుర్చీ వేసుకుని అమీర్‌పేట వైపు నుంచి వచ్చే వాహనాల హోరు వింటూ, "కళ్ళు మూసుకుని విను, అచ్చం మా సముద్రంలా ఉంటుంది" అనేవారు. చరిత్ర మీద ఏ ప్రశ్న వేసినా ఆయన జవాబు ఒకేచోట మొదలయ్యేది. "రాజుల్ని కాసేపు పక్కన పెట్టు. ఎవరు దేన్ని ఏమని పిలిచారో చూడు." ఆ మాట పట్టుకునే ఆయన చిన్ననాటి కొండ మీదున్న కతోలిక గుడి చరిత్ర చెప్పదలచుకున్నాను.

విశాఖ పాతనగరంలో, ఓడలు లోపలికొచ్చే కాలువకు ఉత్తరపు ఒడ్డున చిన్న కొండలు మూడున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదీనా వలీ దర్గా, ఒకదాని మీద మరియమాత. దర్గా కథ ముందు చెబుతాను, ఎందుకంటే ఆ కొండల్ని ఎక్కడి నుంచి చూడాలో అదే నేర్పుతుంది. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ తయారుచేసిన విశాఖ జిల్లా గెజిటీర్‌లో ఒక వివరం ఉంది. రేవులోకి వచ్చే ఓడైనా, వెళ్ళే ఓడైనా ఆ వలీకి మర్యాదగా జెండాను మూడుసార్లు ఎత్తి దించేదట. బంగాళాఖాతంలో గాలీ కెరటం ఆయన మాట వింటాయని నమ్మకం. యాత్ర క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు చిన్న వెండి దోనె చేయించి దర్గాకు సమర్పించేవారు. వేంకటేశ్వరుడి గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే యూరోపియన్ కెప్టెన్ కట్టించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. అంటే ముస్లిం వలీకి హిందువు వెండి దోనె ఇచ్చాడు, వెంకన్నకు తెల్లకెప్టెన్ గుడి కట్టించాడు. ఊళ్ళోంచి చూసేవాడికి ఇది వింతగా కనిపించవచ్చు. సముద్రం మీదున్నవాడికి ఇందులో వింత లేదు. నీళ్ళ మీద నెలల తరబడి ఉన్నవాడికి దూరాన మొదట అందేది కొండ. దాని మీద ఏ దేవుడుంటే ఆ దేవుడికే దణ్ణం.

ఇక మూడో కొండ. 1864లో రాస్ అనే దొర దాని మీద ఇల్లు కట్టుకున్నాడు. సర్కారు కాగితాల్లో, పటాల్లో అది రాస్ హిల్ అయింది. తర్వాత ఆ ఇల్లు కతోలికుల చాపెల్‌గా మారింది, తిరుహృదయ మాత పేరిట గుడి వెలిసింది. మాస్టారి అమ్మగారు మాత్రం ఆ కొండను ఎప్పుడూ రాస్ హిల్ అనలేదు. కన్యమేరి కొండ అనేవారట. ఆవిడ ఇంట్లో సింహాచలం అప్పన్న పటం ఉండేది, నోముల పీట ఉండేది. అయినా పిల్లాడికి జ్వరం వస్తే మూడు కొండలకూ మొక్కేవారు. సర్కారు పటంలో ఒక పేరు, అమ్మల నోట్లో ఒక పేరు. ఒకటి ఇల్లు కట్టినవాడిది, రెండోది కొండెక్కినవాళ్ళది. నేను చెప్పబోయే చరిత్ర అంతా మొదటి పేరు నుంచి రెండో పేరుకు జరిగిన ప్రయాణమే.

ఆ ప్రయాణం రాస్ కంటే ముందే, చాలా దూరంలో, ఆల్ప్స్ పర్వతాల కింద అనెసీ అనే సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్ళో మొదలైంది. 1602 నుంచి జెనీవాకు బిషప్‌గా ఉంటూ అనెసీలోనే నివసించిన ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు మీద, 1838లో పీటర్ మేరీ మెర్మియే అనే గురువు ఒక మిషనరీ సభను స్థాపించారు. పల్లెటూళ్ళు తిరిగి బోధించడం వాళ్ళ పని. అదే కాలంలో మద్రాసు కతోలిక పీఠం ఐరిష్ బిషప్ జాన్ ఫెన్నెలీ చేతిలో ఉంది. ఉత్తర సర్కార్ల వైపు పంపడానికి ఆయన దగ్గర గురువులు లేరు. విశాఖలో కంపెనీ సైన్యంలో వయసు మళ్ళిన యూరోపియన్ సిపాయిలు, వాళ్ళలో ఐరిష్ కతోలికులు, వాళ్ళ భార్యాపిల్లలు ఉన్నారు. పెళ్ళి చేసేందుకూ, పోయినప్పుడు మట్టిచ్చేందుకూ మనిషి లేడు. రోము నుంచి ఆ ప్రాంతం బాధ్యత అనెసీ సభకు వచ్చింది. 1845లో బయల్దేరిన తొలి బృందం పాండిచ్చేరిలో దిగి, 1846 ఆరంభంలో విశాఖ చేరింది. మంచు కొండల్లో పెరిగిన ఆ మనుషులకు అంతవరకూ తెలుగన్న భాష ఒకటుందని తెలిసి ఉండదు.

ఇక్కడ మాస్టారు నన్ను దిద్దిన ఒక తప్పు చెప్పాలి. ఒక వ్యాసంలో నేను "ఫ్రెంచి ఫాదర్లు 1846లో వచ్చారు" అని రాశాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "1846లో అనెసీ ఎవరి చేతిలో ఉందోయ్?" అని అడిగారు. అనెసీ ఉన్న సవోయ్ ప్రాంతం అప్పుడు సార్డీనియా రాజ్యంలో భాగం. అది ఫ్రాన్సులో కలిసింది 1860లో. అంటే ఆ గురువులు విశాఖ వదలకుండానే, ఎండలో ఊళ్ళు తిరుగుతూనే, ఒక రాజు ప్రజలు కాస్తా ఇంకో చక్రవర్తి ప్రజలయ్యారు. ఊరివాళ్ళు మాత్రం ముందూ వెనకా వాళ్ళను ఒకే మాటతో పిలిచారు: స్వామి. ఆ పిలుపుకు దేశం లేదు. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

వాళ్ళు విశాఖలో ఎలా దిగి ఉంటారో ఒక్క నిమిషం కళ్ళకు కట్టించుకోండి. అప్పటికి అక్కడ ఇప్పటి రేవు లేదు. పెద్ద ఓడ దూరంగా లంగరు వేసేది. ఒడ్డుకు రావాలంటే మసులా పడవ ఎక్కాలి. ఆ పడవకు మేకులుండవు. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఎందుకంటే మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగుతుంది, మెలి తిరుగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. సందుల్లోంచి నీళ్ళు లోపలికొస్తూనే ఉంటాయి, ఒకరు తోడిపోస్తూనే ఉంటారు. పెద్ద కెరటం వచ్చేదాకా ఆగి, దాని వీపు మీద పడవను ఒడ్డుకు విసిరినట్టు తెచ్చేవారు మన బెస్తలు. ఆ రోజుల్లో ఓడ మీద విశాఖకు వచ్చిన ప్రతి పాదిరీ, ప్రతి కన్యస్త్రీ, పీఠం మీద పెట్టే ప్రతి స్వరూపం, ప్రతి పుస్తకాల పెట్టె ఆ బెస్తల చేతుల మీదుగానే నేల తాకాయి. విశాఖ కతోలిక చరిత్రకు మొదటి పేజీ అదేనని నా నమ్మకం. ఆ పేజీలో ఒక్క తెలుగు పేరూ రాసిపెట్టలేదు.

యానాం సంగతి కొంచెం చెప్పి ముందుకు వెళ్తాను. గోదావరి పాయ ఒడ్డున ఫ్రెంచివారి చిన్న రేవు ఊరది. అక్కడ సెయింట్ ఆన్స్ కతోలిక గుడి నిర్మాణం 1846లోనే పూర్తయింది. అనెసీ సెయింట్ జోసెఫ్ సభకు చెందిన కన్యస్త్రీలు 1849లో మన దేశంలో మొదట అడుగుపెట్టింది యానాంలో, ఆ తర్వాత విశాఖకు వచ్చారు. ఈ సిస్టర్లు నడిపిన బడుల గురించి వేరే ఉపన్యాసమే ఇవ్వాలి. విశాఖలో సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల 1958లో వాళ్ళు పెట్టిందే. మగపిల్లల కోసం సెయింట్ అలోషియస్ బడి 1847లో మొదలైంది, అంటే గురువులు వచ్చిన మరుసటి సంవత్సరం. రాస్ కొండ మీద ఇల్లు కట్టుకోవడానికి 17 ఏళ్ళ ముందు. కొండ మీద గుడి వెలిసే వేళకు కింద ఊళ్ళో ఒక తరం పిల్లలు వాళ్ళ చేతుల్లో చదువుకుని పెద్దవాళ్ళయ్యారు.

1850 నాటికి విశాఖపట్నం ప్రత్యేక పీఠమైంది. మొదటి బిషప్ తియోఫిల్ నెరే. ఆ పీఠం సరిహద్దులు చూస్తే ఇవాళ నమ్మబుద్ధి కాదు. విశాఖ తీరం నుంచి ఒడిశా కొండల మీదుగా నాగపూర్ దాకా! నాగపూర్‌ను వేరు చేసి పీఠంగా నిలిపింది 1887లో. బండ్ల మీద, కాలినడకన, అడవి దారుల్లో ఆ గురువులు అంత దూరం తిరిగారు. మాస్టారు దీని మీద ఒక మాటనేవారు. విశాఖ రేవును కట్టిందెందుకు? మధ్య పరగణాల్లోని మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ రేవు పని చేపట్టింది, రాయపూర్ నుంచి విజయనగరానికి కొండలు తొలిచి దారి వేసింది. రైలు వెతుక్కున్న దారినే ఎనభై ఏళ్ళ ముందు పాదిరీలు నడిచారు. "విశాఖకు వెనక ఎంత నేల ఉందో ఇంజనీర్ల కంటే ముందు బిషప్‌కు తెలుసు" అని నవ్వకుండా, నెమ్మదిగా అనేవారు.

రేవు 1933లో వచ్చింది. అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు. ఆ రేవు కోసం ఇసుక తవ్వారు. ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుక కాలువను పూడ్చేయకుండా రెండు పాత ఓడల్ని కావాలని ముంచి అడ్డుకట్టగా వాడారు. అప్పటిదాకా సముద్రం ఎదురుగా నిలబడ్డ మూడు కొండల పాదాల దగ్గరకు ఓడలే వచ్చేశాయి. ఇవాళ కన్యమేరి కొండ మెట్ల మీద ఆగి కిందికి చూస్తే, డాల్ఫిన్ నోస్ కొండకూ మనకూ మధ్య కాలువలో టగ్గు పడవ ఒకటి పెద్ద ఓడను తాడు కట్టి లాక్కుపోతుంటుంది. ఓడ మనకు అంత దగ్గర్లోంచి వెళుతుంది. దాని మీద నిలబడ్డ నావికుడు టోపీ తీశాడో లేదో కూడా కనిపిస్తుంది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు మాస్టారు బడికి వెళ్ళే పిల్లాడు. ఊరు ఖాళీ అయింది. ఎడ్లబండి మీద సామాను కట్టుకుని అమ్మ చేతిని పట్టుకుని వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే మూడు కొండలూ ఉన్నాయట. "అంతే చాలనిపించింది మా అమ్మకు" అన్నారు. ఈ సంగతి ఆయన నాకు రెండుసార్లు చెప్పారు, రెండుసార్లూ అక్కడే ఆపేశారు.

ఇప్పుడు పేర్ల దగ్గరకు వస్తాను, అసలు సంగతి అక్కడే ఉంది.

కతోలిక విచారణల్లో, అంటే ఒక్కో గుడి పరిధిలో, జ్ఞానస్నానాలకూ, పెళ్ళిళ్ళకూ, సమాధులకూ పుస్తకాలు విడివిడిగా ఉంటాయి. పదహారో శతాబ్దపు ట్రెంట్ మహాసభతో మొదలైన క్రమశిక్షణ అది. మన దేశంలో పేదవాడి పేరు సర్కారు లెక్కలకు ఎక్కకముందే ఈ పుస్తకాలకు ఎక్కింది. అలాంటి ఒక పాత పుటను నాకు చూపించి చదవడం నేర్పింది మాస్టారే. అడ్డంగా గీతలు, లాటిన్ మాటలు, సిరా గోధుమరంగుకు తిరిగింది. బిడ్డ పేరు, పుట్టిన రోజు, తండ్రి, తల్లి, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, చివర గురువు సంతకం. ఒక్కో పేరును వేలితో తాకుతూ చదివారు. తండ్రి గడిలో మన ఉత్తరాంధ్ర పేరు, బిడ్డ గడిలో ఎక్కడో ఐరోపా పునీతుడి పేరు. లాటిన్ లిపిలో తెలుగు పేరు ఇరుక్కుని ఇబ్బందిగా కూర్చుని ఉంది. ఆ సవోయ్ గురువు చెవికి "అప్పలమ్మ" ఎలా వినిపించిందో ఆ స్పెల్లింగులో దొరుకుతుంది. రెండక్షరాలు కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆ కొట్టివేత నాకు ఎంతో ఇష్టం. ఒక మనిషి ఇంకో మనిషి పేరును సరిగ్గా రాయాలని తాపత్రయపడ్డ గుర్తు అది.

తెలుగు కతోలికుల పేర్లలో మరో పాయ కూడా ఉంది. అది తీరం నుంచి కాదు, దక్షిణం నుంచి నేల మీదుగా వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్లు పుంగనూరు వైపు నుంచి కర్ణాటక మిషన్ పేరిట రాయలసీమలో పనిచేశారు. వాళ్ళలో ల గాక్ వంటివారు తెలుగు చదివారు, ఇక్కడి వ్రాతప్రతుల్ని పారిస్‌కు పంపారు. అప్పటి కతోలిక కుటుంబాలు కొన్ని తర్వాత గుంటూరు సీమకు, ఫిరంగిపురం వైపుకు వలస వచ్చాయి. ఆ పాయలో ఇగ్నేషియస్ ఇన్నాసయ్య అయ్యాడు, ఇన్నయ్య అయ్యాడు. పేతురు రాయప్ప. యోహాను అరుళప్ప. ఫ్రాన్సిస్ జేవియర్ శౌరి, శౌరయ్య, శౌరెడ్డి. మన హైదరాబాదు పీఠాన్ని దాదాపు మూడు దశాబ్దాలు నడిపిన సామినేని అరుళప్ప గారి పేరు చాలామందికి తెలిసిందే. విశాఖ పీఠంలో ఈ పేర్లు మొదట్లో లేవు. నెరే, టిస్సో, క్లేర్, రొస్సియోఁ, బో, ఇలా వరసగా ఐదుగురు సవోయ్ నుంచి వచ్చినవారే పీఠం మీద కూర్చున్నారు. 1966లో ఇగ్నేషియస్ గోపు గారు వచ్చేదాకా, అంటే తొలి బృందం దిగిన 120 ఏళ్ళ దాకా, విశాఖకు మనవాడు బిషప్ కాలేదు. ఆ తర్వాత కాగితపు మరియదాసు గారు. ఆయన కాలంలోనే, 2001లో, విశాఖ అగ్రపీఠమైంది. ఇవాళ అక్కడి అగ్రపీఠాధిపతి ఉడుముల బాల శౌరెడ్డి గారు. రెండు పాయలూ కలిశాయి. నేల మీదుగా వచ్చిన పేరు సముద్రం మీదుగా వచ్చిన పీఠానికి చేరింది.

120 ఏళ్ళు చాలా ఎక్కువ. దీన్ని మెత్తగా చెప్పి దాటేయడం నాకు ఇష్టం లేదు. బళ్ళు పెట్టినవాళ్ళను, కలరాలో రోగుల పక్కన కూర్చున్నవాళ్ళను గౌరవిస్తూనే ఈ మాట అనాలి. జ్ఞానస్నానం పొందినవాడు గుడి ఊడ్చాడు, గంట కొట్టాడు, ఉపదేశిగా ఊరూరా తిరిగి పాఠం చెప్పాడు. పీఠం మీదికి మాత్రం అంతకాలం రాలేకపోయాడు. వాళ్ళలో మాల, మాదిగ కుటుంబాలకు ఇంకొక మెట్టు ఎక్కువ ఉంది. కులం గుడి బయట చెప్పులతోపాటు ఆగిపోలేదు, లోపలికీ వచ్చింది, కొన్నిచోట్ల సమాధుల దొడ్డిదాకా వచ్చింది. 2022 ఆగస్టులో మన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయినప్పుడు, ఆయన తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ అని పత్రికలు రాశాయి. మాస్టారు ఉండి ఉంటే ఆ రోజు పేపరు మడిచి దాచుకునేవారు. ఆయనకు అలా దాచుకునే అలవాటుండేది.

ఇక మాటలు. తెలుగు క్రైస్తవుల్లో ప్రొటెస్టెంట్లు మందిరం అంటారు, ఆరాధన అంటారు. కతోలికులు గుడి అంటారు, పూజ అంటారు, తేరు అంటారు. ఇందాక చెప్పిన "స్వామి" ఆ కుటుంబంలోని మాటే. 1606లో మధుర చేరి సన్యాసి వేషంలో బతికిన రాబర్టో డి నోబిలీ కాలం నుంచి దక్షిణాది కతోలికులకు వచ్చిన వారసత్వమది. రెండో వాటికన్ మహాసభ తీర్మానం 1963లో వచ్చాక పూజ లాటిన్ నుంచి తెలుగులోకి మారింది. నిజానికి పూజలో మంత్రాలు లాటిన్‌లో ఉన్న కాలంలోనే, గుడి మెట్ల మీది సంభాషణంతా తెలుగే. మొక్కు తెలుగు. కొబ్బరికాయ తెలుగు. జోలపాటలో చేరిన మరియమ్మ తెలుగు. రోము అనుమతి ఇవ్వకముందే ఊరు అనువదించేసుకుంది. ఇక్కడ ఖైరతాబాదులో ఆరోగ్యమాత గుడికి వెళ్ళే జనాన్ని చూడండి, గుణదల తిరునాళ్ళు చూడండి, అదే భాష. ఆరోగ్యమాత వెలసిన వేళాంగణి కథలో తుపానులో చిక్కిన పోర్చుగీసు నావికులున్నారు. మరియమాతకు సముద్ర నక్షత్రమని పాత బిరుదు ఉంది. రేవు ఊళ్ళలో ఆ తల్లి కొండెక్కి కూర్చోవడం ఊరికే జరగలేదు.

డిసెంబరు 8న కన్యమేరి కొండ పండుగ. నిష్కళంక మాత పండుగ రోజది. మొన్న డిసెంబరులో మాస్టారి కోసం వెళ్ళాను. ఇంకా చీకటి ఉండగానే మెట్ల నిండా జనం. నా ముందు ఒకావిడ, చేపల బుట్ట మోసే ఆడవాళ్ళకుండే నిటారు మెడ, చేతిలో తన ఎత్తు కొవ్వొత్తి, నుదుట బొట్టు. మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాస్తోంది, కుంకుమ పెడుతోంది. ఎవరూ వద్దనలేదు. ఆ మెట్లు ఆ పసుపుతో ఎన్ని ఏళ్ళుగా తడిశాయో తెలియదు, రాతి అంచుల్లో రంగు దిగిపోయింది.

పైన గుడి పక్కన ఒక బల్ల, బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన, ముందు గీతల నోటుపుస్తకం. పూజ చెప్పించుకునేవాళ్ళు అక్కడ తలంపు రాయించాలి. చనిపోయినవారి ఆత్మశాంతికి కొందరు, పరీక్షకు కొందరు, వేటకు వెళ్ళిన పడవ తిరిగి రావాలని కొందరు. నా వంతు వచ్చింది.

"ఎవరి పేరు మీద బాబూ?"

మాస్టారి పూర్తి పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. వేంకటేశ్వరుడి పేరున్న మనిషి ఆయన.

పెద్దాయన తలెత్తలేదు. కలం ఆగలేదు. రాసుకుని, "వేంకట తర్వాత సున్నా ఉందా, లేదా?" అని అడిగి, నేను చెప్పింది విని దిద్దుకున్నాడు. ఆరున్నర పూజలో గురువుగారు ఆ జాబితా చదివారు. జోజిబాబు, మరియమ్మ, లూర్దుమేరి, మాస్టారు, సింహాచలం, ఆరోగ్యదాసు. కింద కాలువలో ఏదో ఓడ కూత వేసింది.